మెత్త మీద చాందిని

తిరుమలగిరి, బుధవారం రాత్రి

ఈ రోజు చాందిని నాలుగు కాళ్లూ మెత్త మీద పెట్టి నిలబడింది!

కిందటేడు సవారీలో మేమిద్దరం కలిసి పడ్డప్పటి నుంచి ఆ గుర్రానికి తన వెనక కాలు ఎక్కడుందో తనకే తెలిసేది కాదు. నేల మీద ఈడ్చేది. దానికి కాళ్ల మీద నిలకడ తిరిగి రావడానికి నేను గీసిచ్చిన మెత్తను బోయిన్‌పల్లిలో పరుపులు కుట్టే ఖలీల్ భాయ్ ఐదుసార్లు విప్పి కుట్టాడు. ఇదివరకు మెత్తలో డెక్కలు దిగబడితే చాందిని బెదిరిపోయేది. ఈసారి లోపల గట్టి స్పాంజి పెట్టాడు.

ఎక్కగానే దాని ఒళ్లంతా వణికింది. కాసేపటికి వెనక కాలు తనంతట తానే జరుపుకుని, బరువు సర్దుకుని, తల దించి పెద్దగా ఊపిరి వదిలింది.

"ఇగ పరేషాన్ లేదమ్మా. సోమవారం నుంచి సవారీ షురూ చేయొచ్చు గదా?" అన్నాడు ఖలీల్ భాయ్.

చేయొచ్చన్నాను. మళ్లీ గుర్రం ఎక్కితే నా నడుము తట్టుకోదని డాక్టర్ చెప్పిన సంగతి ఆయనకు తెలియదు.

చెప్పులు విడిచి నేనూ మెత్త అంచున ఎక్కాను. చాందిని మెడ మీద చెయ్యి వేసి కళ్లు మూసుకున్నాను.

"జెర పైలం! గుర్రం కన్నా మీరే ఎక్కువ ఊగుతున్నరు" అన్నాడు ఖలీల్ భాయ్.

నిజమే. కానీ ఆ ఊపులో ఒక్క క్షణం దాని వీపు మీదే ఉన్నాననిపించింది. కళ్లు తెరవబుద్ధి కాలేదు.

సోమవారం నా శిష్యురాలు నస్రీన్ ఎక్కుతుంది. కళ్లెం ఎంత వదులుగా పట్టుకుంటే చాందినికి ఇష్టమో ఆ పిల్లకు నేనే చెప్పాలి.