తెలుగులో మాట్లాడిన జపాన్ పిల్ల

శనివారం, నరసరావుపేట

చూపులేని మా చెల్లెలు కోటేశ్వరికి యానిమే అనే జపాన్ బొమ్మల సీరియల్ ఒకటంటే ప్రాణం. కింద ఇంగ్లీషులో పడే మాటలు చదివి, ఇన్నేళ్లూ నేనే తెలుగులో చెప్పేదాన్ని. ఈ సాయంత్రం యాప్ తెరిస్తే మొదటి భాగానికి తెలుగు ఆడియో వచ్చి ఉంది. రెండో భాగం మాత్రం ఎప్పటిలాగే ‘మీ ప్రాంతంలో అందుబాటులో లేదు’ అంటోంది. దాని హక్కులు మన దేశానికి ఎవరైనా కొంటారో లేదో, కొన్నా తెలుగు పెడతారో లేదో.

చెల్లికేమీ చెప్పకుండా మొదటి భాగం నొక్కాను. కథలోని పిల్ల “అమ్మా, నేనొచ్చా” అనగానే కోటేశ్వరి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

“ఏందక్కా, ఆ పిల్లకి తెలుగొచ్చిందా?”

“వచ్చిందే. ఇక నేను చెప్పబన్లేదు.”

చాలాసేపు కదలకుండా వింది. తర్వాత మెల్లగా, “చదివే పని లేదుగా. ఇయ్యాల నువ్వు గూడా బొమ్మ చూడక్కా,” అంది.

ఇన్నేళ్లూ నా కళ్లు అడుగునున్న అక్షరాల మీదే ఉన్నాయి. ఇప్పుడు తలెత్తి చూస్తే ఆ పిల్ల ఇంటి మీద, దారి మీద, ఊరంతా మంచు కురుస్తోంది.

“మంచు పడుతోందే,” అన్నాను.

“ఎట్టా ఉందో చెప్పు.”

నోరు తెరిచాను. అన్ని మాటలు తెలుగు చేసినదాన్ని, ఆ మంచుకి మాత్రం మాట దొరక్క, చెల్లి అరచెయ్యి తెరిచి నా వేళ్ల కొసలతో మెల్లగా, ఆగి ఆగి తాకుతూ కూర్చున్నాను.