నాలుగు వేళ్ల ఎత్తు

విస్కాన్సిన్, 1999 మే 4

ప్రియమైన ఆర్విడ్ బావగారికి,

మీ తమ్ముడు నార్వల్ పోయి నలభై రోజులు దాటింది. ఇప్పటికీ పొద్దున్నే రెండు కప్పుల కాఫీ కలిపేస్తున్నాను.

ఒక చిక్కు వచ్చి రాస్తున్నాను. చర్చి సమాధుల దిబ్బ మీద గడ్డి ముప్ఫై ఒక్క ఏళ్లు నార్వలే కోశాడని మీకు తెలుసు. ఇప్పుడు కమిటీవాళ్లు పట్నం నుంచి కూలీకి మనిషిని పెడతామంటున్నారు. నేనే కోస్తానన్నాను. నార్వల్ కూడా ఆ దిబ్బ మీదే ఉన్నాడు కదా, ఎవరో ముక్కూమొహం తెలియనివాడు వచ్చి అక్కడ గడ్డి కోస్తే నేను చూడలేను. సరే, నెలాఖరున అందరూ సమాధుల మీద పూలు పెట్టే మెమోరియల్ డేకి కోసి చూపించు, అప్పుడు చూద్దాం అన్నారు.

కానీ నార్వల్ నడిపే ఆ 1964 నాటి తోట ట్రాక్టరు షెడ్డులో ఎడమవైపుకి ఒరిగి నిలబడింది. వెనక టైర్లలో కుడిది ఎడమదానికంటే నాలుగు వేళ్ల ఎత్తు ఎక్కువ. ఎడమ చక్రానికి బరువైన ఇనప బిళ్ల ఒకటి బిగించి ఉంది, కుడిదానికి లేదు. కింద గడ్డి కోసే బ్లేడ్లున్న పళ్లేన్ని వేలాడదీసిన కడ్డీలు ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. మడ్‌గార్డు నిండా కాఫీ కప్పు గుండ్రటి మరకలే. బతికున్నన్నాళ్లూ నన్ను దానిమీద కూర్చోనివ్వలేదు, "నీ వంటింట్లోకి నేనొస్తున్నానా" అనేవాడు.

ప్రదర్శనల్లో పాత ట్రాక్టర్లకు మార్కులు వేసేవారు మీరు. ఏం చేయాలో చెప్పండి.

మీ మరదలు,
ఆర్డిస్

*

అయోవా, మే 9

అమ్మా ఆర్డిస్,

వాడి పనులన్నీ అంతే. ఏ చెత్తకుప్పలో ఏ టైరు దొరికితే అది తెచ్చి తగిలించి ఉంటాడు. 1987 ప్రదర్శనకి దాన్ని అలాగే తోలుకొచ్చాడు. నేను అందరి ముందూ "కుంటి గుర్రాన్ని తెచ్చావేంట్రా" అన్నాను, జనం పడీపడీ నవ్వారు. వాడు టోపీ సర్దుకుని, "అది వెళ్లేచోటికి అదే సరిపోతుంది అన్నయ్యా. ఒకసారి వచ్చి నడిపి చూడు" అన్నాడు. నాకు తీరికెక్కడిది.

ఇప్పుడు జాగ్రత్తగా విను. వెనక రెండూ ఒకే కొలతవి కావాలి: ఇరవైమూడు అంగుళాల ఎత్తు, పదిన్నర వెడల్పు. ఫ్యాక్టరీలో వేసినవి అవే. ఎక్కువ తక్కువైతే లోపల పళ్లచక్రాలు అరిగి చస్తాయి. రెండింటిలో గాలి సమానంగా ఉండాలి. బండిని సిమెంటు నేల మీద నిలబెట్టి, బ్లేడు కొస నుంచి నేలకు అటూ ఇటూ కొలువు. కడ్డీలు తిప్పి రెండువైపులా సమానం చెయ్యి. ముందువైపు మాత్రం పావు అంగుళం తక్కువ ఉండనీ. ఆ ఇనప బిళ్ల పీకెయ్యి. పాత టైర్లు అవతల పారెయ్యి.

నా మోకాళ్లు మాట వింటే నేనే వచ్చేవాణ్ణి.

ఆర్విడ్

*

విస్కాన్సిన్, మే 24

ప్రియమైన బావగారికి,

మీరు చెప్పినట్టే తు.చ. తప్పకుండా చేశాను. టైర్ల కొట్టువాడు వచ్చి బిగించి వెళ్లాడు, కొలతలన్నీ నేనే తీశాను. మేస్త్రీలు వాడే లెవెల్ బద్ద మడ్‌గార్డుల మీద అడ్డంగా పెడితే బుడగ అచ్చంగా మధ్యలో నిలబడింది. ఇన్నేళ్లకి ఆ బండి నిటారుగా నిలబడటం చూసి ఎందుకో ఏడుపొచ్చింది.

పాత టైర్లు పారెయ్యడానికి చేతులు రాలేదు. బిళ్లతో సహా షెడ్డు వెనక పెట్టాను, తిట్టకండి.

రెండు రోజులుగా వాన. గురువారం దిబ్బ ఎక్కుతాను.

మీ మరదలు,
ఆర్డిస్

*

అయోవా, జూన్ 8

అమ్మా ఆర్డిస్,

ఉత్తరం లేదేం? మా క్లబ్బులో నీ గురించి చెప్పాను. అరవై ఆరేళ్ల ఆడమనిషి పావు అంగుళం తేడా లేకుండా లెవెల్ చేసిందంటే ముసలాళ్లందరూ నోళ్లు వెళ్లబెట్టారు. దిబ్బ ఎలా కోశావో రాయి.

ఆర్విడ్

*

విస్కాన్సిన్, జూన్ 29

ఆర్విడ్ బావగారికి,

ఆసుపత్రిలో పడుకుని రాస్తున్నాను, అక్షరాలు వంకర పోతే ఏమీ అనుకోకండి.

మొదటి చుట్టు బాగానే వెళ్లింది. రెండో చుట్టులో తడిగడ్డి మీద వెనక చక్రాలు పల్లానికి జారాయి. బ్రేకు తొక్కినా ఆగలేదు. కింద రాతిగోడకు తగిలి బండి పక్కకి పడింది, నా కాలు దానికింద ఉండిపోయింది. పాస్టరుగారు వచ్చి చూసేసరికి గంటన్నర. తుంటి దగ్గర ఎముక రెండుచోట్ల విరిగింది. ఇంక చేతికర్ర లేకుండా నడవలేనని డాక్టరు చెప్పాడు.

దిబ్బ పని పట్నం మనిషికి ఇచ్చేశారు.

మీరు చెప్పిందే చేశాను బావగారూ. తప్పెక్కడ జరిగిందో నాకు తెలియటం లేదు. మీ మీద కోపం లేదని రాద్దామనుకున్నాను, కానీ అది అబద్ధం.

ఆర్డిస్

*

విస్కాన్సిన్, జూలై 11

తల్లీ ఆర్డిస్,

మీ వంటింటి బల్ల దగ్గర కూర్చుని రాస్తున్నాను. నిన్న వచ్చాను. ఆసుపత్రి గుమ్మం దాకా వచ్చి, లోపలికి రావడానికి మొహం చెల్లక వెనక్కి వచ్చేశాను.

పొద్దున దిబ్బ చూశాను. అంత ఏటవాలని నాకు తెలియదు. నేను ఎప్పుడు వచ్చాను గనక? దిబ్బ చుట్టూ మెట్టులా అరిగిన చక్రాల జాడ ఒకటుంది. మీ పాస్టరుని అడిగితే, నార్వల్ ఎప్పుడూ దిబ్బని ఎడమచేతివైపు ఉంచుకునే తిరిగేవాడట, ఒక్కనాడూ ఎదురు దిశలో తిరగలేదట. పళ్లెం గడ్డిని కుడివైపుకే కదా చిమ్ముతుంది. అలా తిరిగితే సమాధుల మీద ఒక్క పరక పడదు. కుడి చక్రం ఎప్పుడూ పల్లంలోనే ఉంటుంది, అందుకే దానికి ఆ నాలుగు వేళ్ల ఎత్తు.

షెడ్డు వెనక నుంచి పాత టైర్లు తెచ్చి ఎక్కించాను. మిట్టవైపు చక్రం పైకి తేలకుండా ఎడమదానికి బిళ్ల బిగించాను. కడ్డీలు వాడు ఉంచినట్టే మళ్లీ తిప్పాను. సిమెంటు మీద కుంటిగా నిలబడింది. దిబ్బ ఎక్కించి లెవెల్ బద్ద పెట్టాను, బుడగ మధ్యకొచ్చింది.

నేల చదునుగా ఉంటుందనుకునే నేను బతికాను. తప్పు నాది, నీ కొలతలది కాదు.

ఆ బండి ఇక దిబ్బ ఎక్కకూడదని కమిటీవాళ్లు కచ్చితంగా చెప్పారు. బతిమాలితే ఈ ఒక్క రోజుకి ఒప్పుకున్నారు. నీ అలమారలో ఉన్న వాడి కప్పు తీసి, దాంట్లో నిండా కాఫీ పోసి మడ్‌గార్డు మీది మరకలో పెట్టాను. వాడి జాడలోనే దిబ్బంతా చుట్టి కోశాను. చుక్క తొణకలేదు.

పన్నెండేళ్ల కిందట ఒకసారి వచ్చి నడిపి చూడమన్నాడు. ఇవాళ నడిపి చూశాను, ఆర్డిస్.

రేపు లోపలికి వస్తాను. పొమ్మంటే పోతాను.

ఆర్విడ్