ఏటి ఇవతలి సేనాధిపతి

ఉస్కుదార్ శిబిరం

నా నిగార్‌కి,

నిన్న కొలువులో వజీరుగారు నా భుజాల మీద ముఖమల్ అంగీ కప్పి, అనతోలియా తిరుగుబాటును అణచే సేనాధిపతిగా నన్ను నియమించారు. అందరూ అభినందించారు. తిరుగుబాటు నాయకుడు దుర్‌ముష్. మీ అన్న.

కాదంటే ఆ పదవి ఇంకో పాషాకి పోతుంది. ఆయన వెళ్ళిన చోటల్లా తలలు నరికి గోనెసంచుల్లో రాజధానికి పంపే మనిషి. అందుకే ఒప్పుకున్నాను. అదొక్కటే కారణమంటే అబద్ధమవుతుంది. హంగేరీ యుద్ధాల్లో పడి నిన్ను చూసి ఏళ్ళయింది. యుద్ధానికి పోయే దారే అయినా, నువ్వున్న తొకాట్‌కి ఒక దారి దొరికిందని నా మనసు సిగ్గులేకుండా సంతోషించింది. తిట్టు, కానీ రాయి.

నీ హుస్రెవ్

తొకాట్

నా మనసెరిగిన మీకు,

తిట్టాలనే కూర్చున్నాను. మీ చేతిరాత చూశాక చేత కాలేదు.

మొన్న అన్నయ్య దొంగచాటుగా వచ్చాడు. ద్రాక్షాకుల్లో చుట్టిన అన్నం పెడితే గిన్నె ఖాళీ చేసి, "ఏమే, నీ మొగుడు నా తలకోసం వస్తున్నాడటగా? ఇందులో విషం కలపలేదు కదా?" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. "పన్నులవాళ్ళు మన ఊళ్ళు ఊడ్చుకుపోతుంటే పాదుషా పలకలేదు. నేను కత్తి పట్టగానే సేనాధిపతి దిగుతాడు!" అన్నాడు.

"నువ్వు తగలబెట్టిన ఊళ్ళూ మనవే అన్నయ్యా" అన్నాను. తల దించుకున్నాడు. వెళుతూ వెళుతూ, "బావ ఒక్కడే వస్తే మాట్లాడతానని రాయి" అన్నాడు.

ఒక్కరే వెళ్ళండి. మీలో ఎవరు చచ్చినా ఏడవాల్సింది నేనే. పక్కమీద మీ వైపు నేనిప్పటికీ పడుకోను.

మీ నిగార్

తొకాట్ ఏటి గట్టు

నిగార్,

ఒక్కడినే వెళ్ళాను. నన్ను చూడగానే మీ అన్న, "ఏం బావా, ఇంత చిక్కిపోయావు? రాజుగారి వంటవాడు తిండి పెట్టట్లేదా?" అన్నాడు. ఇద్దరం కత్తులు పక్కన పెట్టి కూర్చున్నాం. క్షమాభిక్ష, పదవి ఇస్తే లొంగిపోతానన్నాడు. రాజధాని ఒప్పుకుంది. నాకు కప్పినటువంటి అంగీయే పంపి, అతన్ని తొకాట్‌కి అధికారిని చేసింది. ఆ తర్వాత ఇంకొక్క గ్రామమూ తగలబడలేదు.

కానీ మా సైన్యం ఊళ్ళో అడుగు పెట్టకూడదన్నది ఒప్పందం. నన్ను వెంటనే తూర్పున వాన్ సరిహద్దుకు పొమ్మని ఆజ్ఞ. ఏటి అవతల మన వీధిలో పొయ్యిల పొగ కనిపిస్తోంది. అందులో నీది ఏదో తెలియక అన్నిటినీ చూస్తున్నాను. నేనొక్కడినే వచ్చినా ఒప్పందం తప్పానంటారు, మళ్ళీ మంటలు లేస్తాయి. నన్ను మరిచిపొమ్మని రాయబోయాను. కలం సాగలేదు.

హుస్రెవ్

తొకాట్

నా పిచ్చి సేనాధిపతికి,

మీ సైన్యం ఊళ్ళోకి రాకూడదన్నారు. ఊళ్ళోవాళ్ళు బయటికి పోకూడదని ఎవరన్నారు?

మీ దగ్గరికి పోతానంటే, "సరిహద్దులో గుడారాల మధ్య ఏం బతుకే అది?" అన్నాడు అన్నయ్య.

"మరి ఇక్కడ నాది ఏం బతుకన్నయ్యా?" అన్నాను.

అన్నయ్య తనే లేచి నా గుర్రానికి జీను కట్టాడు.

మీరిది చదివి తలెత్తేసరికి ఏటి వంతెన మీద ఉంటాను.

మీ నిగార్