రెక్క కింద ఎరుపే

వీలాండ్,

పప్పు సూపు పొయ్యి మీద ఉంది, సాసేజీ కోసి వేసుకో. నేను డ్యూటీకి వెళ్తున్నాను.

కొత్త గ్లైడరు రెక్కకి అంటించడానికని బల్ల మీద నువ్వు పరిచిపెట్టిన నమూనా ముక్కలు చూశాను. నిగనిగలాడే ఆ ప్లాస్టిక్ పొర వద్దు. బొమ్మ విమానమే అయినా ఇంత పెద్ద గ్లైడరు రెక్క మీద అది ఎండకి వదులై ముడతలు పడుతుంది, ముళ్లపొద తగిలితే చిరుగుతుంది. ఇస్త్రీ చేస్తే అంటుకునే గుడ్డే తీసుకో. పైన నీ ఇష్టప్రకారం తెలుపు వేసుకో. కింద మాత్రం ముదురు ఎరుపు. "పాతకాలం గ్లైడర్లకి అలా ఉండదే గూడ్రున్" అని మళ్లీ మొదలుపెట్టకు.

నా ఇస్త్రీపెట్టె ముట్టుకోకు. పోయినసారి నీ జిగురంతా నా ఆసుపత్రి కోటుకి అంటుకుంది.

ఎరుపు ఎందుకంటావా? పోయిన ఆదివారం వాసర్‌కుప్పె కొండ మీద నీ చిన్న తెల్ల గ్లైడరు మబ్బులో కలిసిపోయింది. ఆ తర్వాత రిమోట్ పట్టుకుని నువ్వు నడిపింది గద్దని. "చూశావా, ఎడమకి తిప్పితే ఎడమకే తిరుగుతోంది, ఎంత బుద్ధిగా వింటోందో!" అని మురిసిపోయావు. గ్లైడరు అప్పటికే అవతల చెట్లలో పడింది. పక్కన క్లబ్బువాళ్లంతా ఉన్నారని అది గద్ద అని నీకు అక్కడ చెప్పలేదు. గాలి లాక్కెళ్లిందని అందరికీ నేనే చెప్పాను.

మంగళవారం కంటి డాక్టరు దగ్గరికి వెళ్తున్నాం. నేనూ వస్తాను.

గూడ్రున్

ఇంకో మాట. ఇన్నేళ్లలో నువ్వు అంత చక్కగా ఎప్పుడూ నడపలేదు.