ఆగుదామన్నది నేనే

మంగళవారం, రాత్రి

నిరుడు ప్రిన్సిపాల్ గారు నేను పాఠాలు చెప్పే కంప్యూటర్ ల్యాబ్‌కి కొత్త కంప్యూటర్లు కొందామన్నప్పుడు, కొత్త చిప్ ప్రకటన రాబోతోంది, అందాకా ఆగుదామని చెప్పింది నేనే. ఈ రోజు ప్రాక్టికల్ పరీక్షలో, గురజాల నుంచి బస్సులో వచ్చే సల్మా ముందున్న పాత కంప్యూటర్ ఆగిపోయింది. రెండు గంటలు కూర్చుని రాసిన ప్రోగ్రామ్ అంతా పోయింది. అప్పుడు పరీక్ష చూసుకోవాల్సిన నేను వెనక బల్ల దగ్గర ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, వాయిదాలు పడి ఇన్నాళ్లకు వచ్చిన ఆ ప్రకటనే ఫోన్లో చూస్తున్నాను. తను రెండుసార్లు పిలిచిందట. నాకు వినపడలేదు. ఆ చిప్ కూడా వచ్చే ఏడాదికి గాని దొరకదట.

ప్రిన్సిపాల్ గారు వచ్చి, "ఏందమ్మా, ఏమైంది?" అన్నారు.

సల్మా నా వంక ఒకసారి చూసింది. "నేనే సేవ్ చేసుకోలేదు సార్," అంది.

"చానా అజాగ్రత్తమ్మా నీకు," అన్నారాయన. నేను అవునన్నట్టు తల ఊపాను.

వెళ్లేటప్పుడు ఆ పిల్ల నాకు "వస్తాను సార్" అని కూడా చెప్పింది.

రేపు పొద్దున్నే ఆయనకు నిజం చెప్పాలి. ఈ మాట రాస్తూనే, నా మీదకు రాకుండా ఎలా చెప్పాలా అని వెతుక్కుంటున్నాను.