ఈగలు వాలని గంప

అమ్మా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఆత్మకూరు సంతలో నీ చేపల గంప ముందు ఇప్పుడు నాయన కూర్చుంటున్నాడు. పోయిన వారం ఒకామె, "ఏంది పెద్దాయనా, నీ గంప మీద ఒక్క ఈగన్నా వాలలేదే? మందు కలిపినావా?" అని అడిగి కొనకుండానే వెళ్లిపోయింది. ఆ రోజు నాయన అన్నం తినలేదు.

నేను కాలేజీ ల్యాబ్‌లో చేసిన పుల్ల తెచ్చాను. గ్రాఫైట్ పుల్ల కొనకు కంటికి కనపడనంత సన్నటి బంగారు రేణువులు పూశాను. చేపలు చెడకుండా కలిపే ఫార్మలిన్ మందు తగిలితే, పుల్లకు తీగతో కలిపిన మీటరు ముల్లు కదులుతుంది. నాయన గంపలోని చేప కడిగిన నీళ్లలో పెడితే కదిలింది.

"నన్నే దొంగంటావా మే?" అన్నాడు నాయన.

చేపలకు తగలని ఐసు ముక్క కరిగించి ఆ నీళ్లలో పెట్టాను. ముల్లు ఇంకా ఎక్కువ కదిలింది. మందు ఐసులోనే ఉంది.

నలుగురిలో నోరెత్తాలంటే నాకెంత భయమో నీకు తెలుసు. అయినా నిన్న నాయన ఐసు కొనే కొట్టు ముందు, చేపలవాళ్లందరూ చూస్తుండగా, ముందు బావి నీళ్లలో, తర్వాత ఐసు నీళ్లలో పుల్ల పెట్టి చూపించాను. బావి నీళ్లలో కదలని ముల్లు ఐసు నీళ్లలో కదిలింది.

ఈ రోజు నాయన సోమశిల నుంచి ఐసు లేకుండా, తడి గోనె కప్పి చేపలు తెచ్చాడు. గంప మీద ఈగలు ముసిరాయి. తోలడానికి నేను విసనకర్ర అందిస్తే పక్కన పెట్టేశాడు.

"తోలబాక మే. అందరూ చూడనీ."