మంచినీళ్ళు అడిగిన ఇల్లు

బీబమ్మా,

బాగున్నావా? నువ్వు వెళ్ళిపోయి ఏడాది దాటింది. నేను మంగని... హోంలో పెరిగిన మంగని. వన్ టౌన్‌లో నీ గుండీల కొట్టు ఇప్పుడు మీ మరిది నడుపుతున్నాడు. అటు వెళ్ళినప్పుడల్లా లోపలికి తొంగిచూస్తాను. ఎందుకో తెలియదు.

నీకు చెప్పాల్సిన సంగతి ఒకటుంది.

పద్దెనిమిదేళ్ళు నిండగానే మా అనాథపిల్లల హోంలో ఒక రేకుపెట్టె, రెండు చీరలు ఇచ్చి గేటు తీసేవారు. ఆ తర్వాత ఎవరి బతుకు వాళ్ళది. నేను బయటికొచ్చేసరికి గేటవతల నువ్వు నిలబడి ఉన్నావు. ఆ పని చెయ్యమని నీకెవరూ చెప్పలేదు, జీతమూ లేదు. హార్బరు దగ్గర రొయ్యల కంపెనీలో పని చూపించావు. గది చూపించావు. ప్రతి ఆదివారం వచ్చి, గడప మీద కూర్చుని, "ఏటి ఒండేవే?" అని మూత తీసి చూసి వెళ్ళిపోయేదానివి.

నాకు భయంగా ఉండేది. ఈవిడకు నాతో ఏం పని? ఇంటి చాకిరీకా? ఎవరికైనా కట్టబెడుతుందా? మతం మార్చుకోమంటుందా? ఈ రోజు అడుగుతుంది, వచ్చేవారం అడుగుతుంది అని ఏళ్ళ తరబడి కాచుకుని కూర్చున్నాను. నువ్వేమీ అడగలేదు. అడక్కుండానే పోయావు. నిజంగా నీకేం కావాలి బీబమ్మా?

కిందటి వేసవిలో హోం వార్డెనమ్మ నాకు కబురుపెట్టింది. నూకరత్నం అనే పిల్ల బయటికి వస్తోంది, బీబమ్మ కూడా లేదు, ఇక దాన్నెవరు చూస్తారు అని. నేను చూస్తానన్నాను. నా గదికే తెచ్చుకున్నాను.

ఆ పిల్ల నన్ను చూసే చూపు నువ్వు చూడాలి! నేను వండి పెడితే, నేను తిన్నాక గానీ ముద్ద ముట్టదు. పెట్టెకు తాళం వేసి తాళంచెవి మెడలో కట్టుకుంది. కంపెనీలో పని ఇప్పిస్తానంటే, "దానివల్ల నీకేటొత్తాది?" అంది.

అప్పుడే గాజువాక నుంచి భార్యాభర్తలిద్దరు హోంకి వచ్చారు. ఆయన స్టీల్ ప్లాంటు పనుల్లో కాంట్రాక్టరు. పిల్లల్లేరట. హోంలో పెరిగిన పిల్లని కూతురిలా చూసుకుని పెళ్ళి కూడా చేస్తారట. వార్డెనమ్మ సంబరపడి నూకరత్నాన్ని పిలిపించింది. కాంట్రాక్టరు భార్య ఈ పిల్ల గడ్డం పట్టుకుని "నా తల్లే" అంది. అంతే! నా చేతి అన్నాన్ని నమ్మని పిల్ల ఆ ఒక్క మాటను నమ్మేసింది.

నాకెక్కడో ముల్లు గుచ్చుకుంది. కూతురే కావాలంటే పసిపిల్లని అడుగుతారు గానీ, ఇంటిపనంతా వచ్చిన పిల్లని అడుగుతారా?

నాకు సంబంధం వచ్చినప్పుడు నువ్వు ఆ ఇంటికి వెళ్ళొచ్చి, వద్దన్నావు గుర్తుందా? ఎందుకని అడిగితే, "ఏ ఇంటికైనా సెప్పకుండా ఎల్లు. మంచినీల్లు అడుగు. ఎవులు తెత్తారో సూడు, ఎలా తెత్తారో సూడు. మిగతావన్నీ ఆల్లు సెప్పే కబుర్లే" అన్నావు.

ఒక మధ్యాహ్నం నేనూ చెప్పకుండా గాజువాక వెళ్ళాను. ఆవిడ నన్ను చూసి ఉలిక్కిపడి, ఆ తర్వాత నవ్వింది. మంచినీళ్ళడిగాను. ఒక పిల్ల తెచ్చింది. నూకరత్నం ఈడే ఉంటుంది. ఇంట్లో ఇంకో పిల్ల ఉందని వాళ్ళు హోంలో చెప్పనే లేదు! పేరేంటమ్మా అని ఆ పిల్లనడిగితే పైడితల్లి అని ఆవిడ చెప్పింది. ఏ ఊరంటే అదీ ఆవిడే చెప్పింది. చేతులు కడుక్కునే వంకతో పెరట్లోకి వెళ్ళాను. అక్కడో చిన్న గది. లోపల చాప, చెంబు. తలుపు గడియ మాత్రం బయటివైపు ఉంది...

వార్డెనమ్మకి చెబితే, "మా సామాన్ల గదికీ గడియ బయటే. ఇలా అందర్నీ అనుమానిస్తే ఈ పిల్లలు ఎలా ఒడ్డెక్కుతారే?" అని కసిరింది. నూకరత్నమైతే, "నీకు కుల్లు. నాకు అమ్మ దొరికితే ఓర్సుకోలేవు" అంది.

నిజమేనా? నాకు దొరకనిది దానికి దొరుకుతోందని కుళ్ళుకున్నానా? ఏమో... కానీ సామాను చాప మీద పడుకోదు కదా?

వాదించలేదు. వెళ్దువుగాని, ముందు ఇల్లు చూసుకో అని దాన్నీ తీసుకెళ్ళాను. మళ్ళీ చెప్పకుండానే. దాహమేస్తోందంటూ నూకరత్నం తనే లోపలికి వెళ్ళింది. ఆవిడ వెనకాలే లేవబోతే చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాను. చీర ఎక్కడ కొన్నారు, అంచు ఎంత బాగుంది, రవిక ఎవరు కుట్టారు... నీ కొట్లో కూర్చుని విన్న కబుర్లన్నీ గుక్కతిప్పుకోకుండా చెప్పాను.

నూకరత్నం బయటికొచ్చి నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. "పోదాం అక్కా" అంది. అంతవరకూ నన్ను అక్కా అనలేదు. బస్సు మల్కాపురం దాటాక చెప్పింది. పైడితల్లి దాన్ని ఒకటే మాట అడిగిందట.

"నువ్వొత్తే నన్నొగ్గేత్తారా?"

తన బదులు ఇంకో పిల్లొస్తే తనను విడిచిపెడతారా అన్న ఆ మాట వార్డెనమ్మకి నూకరత్నమే చెప్పింది. ఆవిడ లేచి చెప్పులేసుకుంది. ముగ్గురం పోలీసు స్టేషన్‌కి వెళ్ళాం. హెడ్ కానిస్టేబుల్ జీపులో మాతో వచ్చాడు. శ్రీకాకుళం వైపు ఏదో హోం నుంచి పైడితల్లిని కూడా కూతురనే తెచ్చారట. కన్నబిడ్డలా చూసుకుంటున్నామని కాంట్రాక్టరు దండం పెట్టి మరీ చెప్పాడు. ఉంటావా, వెళ్తావా అని హెడ్డు ఆ పిల్లని అడిగాడు. ఆ పిల్ల, బీబమ్మా... చెప్పుల్లేకుండా నడిచొచ్చి జీపెక్కి కూర్చుంది.

ఇప్పుడు నా గదిలో ముగ్గురం.

నిన్న పొద్దున్న కుళాయి నుంచి బిందెతో వస్తుంటే లోపల మాటలు వినబడ్డాయి. మంగక్క లాంటి మనిషి ఎక్కడా ఉండదని పైడితల్లి అంటోంది. దానికి నూకరత్నం, "అప్పుడే నమ్మీకే. నానింకా సూత్తన్నాను" అంది.

నాకు నవ్వొచ్చింది. ఏడుపూ వచ్చింది. లోపలికి వెళ్ళకుండా బిందె పట్టుకుని గోడవారనే నిలబడ్డాను.

చూడనీ... ఎన్నాళ్ళు కావాలంటే అన్నాళ్ళు చూడనీ. ఈ పిల్లల్ని నేను తొందరపెట్టను. నీకు మాటిస్తున్నాను.

నీ
మంగ